ఇంటిబండీ, పుట్టింటి కరెంటూ

మా ఆయనది బొబ్బిలిలో ఎండుచేపల కొట్టు. కింద కొట్టు, మీద ఇల్లు. పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ ఆ ఎండు నెత్తళ్ళ మీదే నా కాపురం. నాకేటీ ఇబ్బంది లేదు. నేను పుట్టిందే సముద్రం ఒడ్డున, చేపలమ్ముకునే ఇంట్లో. ఆ వాసన లేకపోతే నాకు నిద్ర పట్టదు. మా ఆయనా చేపలింట్లోనే పుట్టేడు గానీ, యాభయ్యో పడిలో పడ్డాక ఏమైందో ఏటో, ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, చచ్చేలోగా ఒక్కసారి చేప వాసన లేని చోట పడుకోవాలని ఉన్నాదే అన్నాడు.

నేను పొట్ట పట్టుకుని నవ్వేను. ఆయన నవ్వలేదు. అప్పుడే అనుమానపడాల్సింది.

మూడు నెలల తర్వాత ఒక పాత స్కూలు వ్యాను తెచ్చి కొట్టు ముందు నిలబెట్టేడు. పసుప్పచ్చ రంగు, పక్కన ఇంకా బడి పేరు సగం చెరిగి ఉన్నాది. సీట్లన్నీ పీకించేసి, విజయనగరంలో ఒక షెడ్డులో పెట్టించి, లోపల రెండు పడకలు, చిన్న వంట గట్టు, చిన్న ఫ్రిజ్జు, చిన్న ఏసీ, ఫ్యాను, లైట్లు బిగించేడు. పడక కింద బ్యాటరీలు, ఇన్వర్టరు. బండికి బయట ఒక మూత ఉంటాది. అది తీసి లావుపాటి వైరు ఒక చివర అక్కడ గుచ్చి, రెండో చివర ఎవరింటి ప్లగ్గులోనో పెడితే బండంతా కరెంటు. దానికి ఇంటిబండి అని పేరెట్టుకున్నాడు. కిటికీలకి తెల్ల పరదాలు కుట్టించి, వారం వారం నిమ్మకాయ సబ్బుతో తనే ఉతుక్కునేవాడు. ఇంట్లో లుంగీ ఎక్కడ విప్పితే అక్కడే వదిలేసే మనిషి.

ఆ బండికి ఒకటే రూలు. చేప ఎక్కకూడదు. పచ్చిదీ, ఎండుదీ, వండిందీ, ఏదీ వద్దు. కొట్టులో కట్టుకున్న చీరతో నేను కూడా ఎక్కకూడదు. మొగుడి పక్కన కూర్చోడానికి చీర మార్చుకోవడమేటి, ఇదెక్కడి చోద్యం అని నేను వీధంతా వినబడేలా అన్నాను. ఆయన చెవికెక్కలేదు. చివరికి చీర మార్చుకునే ఎక్కేను, మరేటి చేస్తాను.

మొదటి ప్రయాణం శ్రీముఖలింగం. దర్శనం బాగా అయ్యింది. వంశధార ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. తిరుగు దారిలో రోడ్డు పక్క ఒక హోటలు దగ్గర ఆపి ప్లగ్గు అడిగితే, పాపం హోటలాయన కాదనకుండా ఇచ్చేడు. మా ఆయన ఏసీ వేసుకుని, పడక మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చేడు. ఏ వాసనా లేదే అన్నాడు. ఆ మొహం నేను పెళ్ళిలో కూడా చూడలేదు. నేను గట్టు మీద మిక్సీలో చట్నీ తిప్పుతన్నాను.

అంతలో కరెంటు పోయింది. హోటలువాళ్ళు జనరేటరు వేసేరు. వేసిన రెండు నిమిషాలకే అసలు కరెంటు వచ్చింది. వాళ్ళు అటు తిప్పేరు, ఇటు తిప్పేరు, ఏం తిప్పేరో గానీ మా లైట్లు ఒక్కసారి తెల్లగా భగ్గుమన్నాయి. ఫ్రిజ్జు గుర్రుమని ఆగిపోయింది. నా మిక్సీలోంచి పొగ. వాసన లేని బండిలో కాలిన వైర్ల కంపు నిండిపోయింది. నాకు నవ్వొచ్చేసింది. నవ్వకూడదు, తెలుసు. కానీ ఆ మిక్సీ నాది, మేడ మీద నుంచి తెచ్చుకున్నాను, కాబట్టి నవ్వి నవ్వి తర్వాత ఏడ్చేను కూడా.

ఈ సంగతి మా అన్నకి తెలిసింది. మా అన్న మా పుట్టింటి ఊళ్ళో చేపలు కొని ఐసు పెట్టి టౌన్లకి తోలుతాడు. ఫోను చేసి, సీట్లెలాగూ తీసీసేరు గదా సెల్లీ, ఆ బండి నాకిచ్చీమను, ఐసు పెట్టెలు పేర్చుకుంటాను అన్నాడు. నాకు ఆ మాట భలే నచ్చింది. స్పీకరు పెట్టి మా ఆయన ముందే చెప్పేను. ఈసారికి బాగుచేయించుకో. మళ్ళీ ఒక్కటి, ఒక్క బల్బైనా కాలిందంటే బండి మా అన్నది. మా ఆయన సరే బావా అన్నాడు ఫోనులోకి. మా అన్నకి ఇచ్చిన మాట ఆయన తప్పడు. అంటే ఇంకొక్కసారి కాలితే చాలు, ఆ తెల్ల పరదాల వెనక కవళ్ళూ కానాగంతలూ, అన్ని చేపలూ పడుకుంటాయి.

అప్పుడు పట్టుకుంది ఆయనకి భయం. కొత్తవలసలో ఇలాంటి బండ్లకి వైరింగు చేసే మేస్త్రి ఉన్నాడని ఎవరో చెబితే నన్నూ వెంటబెట్టుకు వెళ్ళేడు. ఆ మేస్త్రి మాటలు తక్కువ మనిషి. టిఫిను క్యారేజీ అంత పెట్టొకటి తెచ్చి చేతిలో పెట్టేడు. బయట కరెంటుకీ బండికీ మధ్యన ఇది ఉండాలి అన్నాడు. దాని మొహం మీద ఎన్ని వోల్టులొస్తన్నాయో అంకె కనబడతాది. నూట ఎనభై కంటే తక్కువైతే ఫ్రిజ్జూ ఏసీ మోటార్లు వేడెక్కి పోతాయి. రెండొందల అరవై దాటితే కాలిపోతాయి. రెండింటికీ ఇది కరెంటు ఆపేస్తాది. పిడుగులప్పుడూ, జనరేటరు మార్చినప్పుడూ వచ్చే దెబ్బ తనమీద వేసుకుంటాది. కరెంటు కుదుటపడ్డాక కూడా మూడు నిమిషాలాగి గానీ లోపలికి వదలదు.

చివర్లో మేస్త్రి ఒక మాటన్నాడు. కొన్నిచోట్ల న్యూట్రలు వైరు తెగిపోతాది, లేకపోతే ఎవరో తెలివైనవాడు రెండు ఫేజులు కలిపి ఇస్తాడు, అప్పుడు నాలుగొందలు వస్తాది. పెట్టె ఆపేసిందంటే పాడైపోయిందని కాదు, పని చేసిందని. ఏమైనా సరే పెట్టె తీసేసి బండికి నేరుగా పెట్టొద్దు. మా ఆయన పదిసార్లు తలూపేడు. ఆయన తలూపుతున్నాడంటే వినట్లేదని నాకు తెలుసు. నేను విన్నాను. కొట్టులో ఎవరేం చెప్పినా గుర్తుపెట్టుకోవాల్సింది ఎప్పుడూ నేనే.

రెండో ప్రయాణం మా పుట్టింటికి పెట్టేం. శ్రీకాకుళం దాటి సముద్రం వైపు వెళ్ళాలి. పరీక్ష అక్కడే అవ్వాలని నేనే పట్టుబట్టేను. ఆరునెలలుగా ఆ బండి మీద నా కోపం అంతా ఇంతా కాదు. ఆయన ఓడిపోయి మా అన్న గుమ్మంలోనే బండి వదిలేసి బస్సెక్కాలని నా కుట్ర.

మా ఆయనకి అత్తారింట్లో ఒక జబ్బు ఉన్నాది. మొహమాటం. పెళ్ళయిన కొత్తలో మా వాళ్ళు వంజరం వేపుడు వడ్డిస్తే చాలు అనలేక ఎనిమిది ముక్కలు తిని మూడు రోజులు మంచం దిగలేదు. మా అన్నకి దానికి సరిపడా జబ్బు ఉన్నాది. ఇంటికొచ్చిన బావకి ఏదైనా తక్కువైందంటే ఆయనకి ముద్ద దిగదు. ఈ ఇద్దరి మధ్యన ఆ పెట్టె పడింది.

పొద్దున్న పది గంటలకి చేరేం. మా అన్న వీధి అరుగు మీద ప్లగ్గు చూపించేడు. మా ఆయన పెట్టె గుచ్చి, దానికి బండి వైరు గుచ్చేడు. పెట్టె మొహం మీద నూట అరవై మూడు వచ్చింది. ఎర్ర లైటు. లోపలికి కరెంటు వదల్లేదు. మా ఊళ్ళో ఆ వేళకి అది మామూలే. పడవలొచ్చే టైము, ఐసు ఫ్యాక్టరీ ఆడతాది, పక్కన రొయ్యల చెరువుల్లో గాలి కొట్టే చక్రాలు తిరుగుతాయి. ఇళ్ళల్లో ఫ్యాన్లు రెక్కలు లెక్కెట్టుకునేలా తిరుగుతాయి. ఎవరూ పట్టించుకోరు. మా ఆయన కూడా చాలా మెత్తగానే, కొంచెం తక్కువున్నాది బావా అన్నాడు.

అంతే. మా అన్న మొహం మాడిపోయింది. ఏడాదికోసారి వచ్చే బావ నోట మా ఇంట్లో తక్కువ అన్న మాట వచ్చింది. బ్యాటరీలున్నాయి అన్నా, రేపటిదాకా సరిపోతాయి, కరెంటక్కర్లేదు అని నేను చెప్పేను. ఎవడు వింటాడు. ఆ ముక్క మా ఆయన చెప్పాలి, ఆయన చెప్పడు.

ముందు ఎర్తు గొయ్యి మీద పడ్డారు. అది తడిగా ఉంటే కరెంటు బాగా వస్తాదని మా ఊరి నమ్మకం. మా వొదిన ఆరు బిందెల నీళ్ళు పోసింది. అన్న తట్టెడు ఉప్పు, బొగ్గులు వేసేడు. చేపలకి ఉప్పు పట్టించే ఇల్లు గదా, ఉప్పుకేం కొదవ. పెట్టె మీద నూట అరవై ఏడు వచ్చింది. ఇంకో తట్ట వేసేడు. అదే అంకె.

తర్వాత వీధిలో పడ్డాడు. ఇంటింటికీ వెళ్ళి, మా బావ బండికి కరెంటు సాలట్లేదు, ఫ్యాన్లూ మోటార్లూ కాసేపు ఆపండి అని అడిగేడు. మా వీధి మంచిది. అందరూ ఆపేసి, ఉక్కపోతకి ఉండలేక వచ్చి మా అరుగు చుట్టూ నిలబడ్డారు. ఎదురింటి ముసలమ్మ తాటాకు విసనకర్ర పట్టుకుని వచ్చి, పెట్టె ఎదురుగా కూర్చుని దాని మొహంలోకే చూస్తా విసురుకుంటన్నాది. నూట డెబ్బై ఆరు. నూట డెబ్బై ఎనిమిది. ఊపిరి బిగబట్టేరు. నూట డెబ్బై తొమ్మిది. అంతలో పక్క వీధిలో ఎవరో నీళ్ళ మోటారు వేసేరు. నూట యాభై ఎనిమిది. మా అన్న అన్న మాట నేనిక్కడ రాయలేను.

పెట్టె అలిగిన కొత్తల్లుడిలాగ మొహం ఎర్రగా పెట్టుకుని కూర్చున్నాది. ఎంత బతిమాలినా ముద్ద ముట్టదు. మా వొదిన నిజంగానే దాని మీద అంత పసుపూ కుంకం పెడదామన్నాది. తడి చేతుల్తో దాన్ని ముట్టుకోకే తల్లీ అని నేను అడ్డం పడ్డాను.

అప్పుడు మోటార్లు కట్టే మావని పిలిపించేరు. ఊళ్ళో ఏ మోటారు కాలినా మళ్ళీ తీగ చుట్టేది ఆయనే. వరసకి మాకు మావ అవుతాడు. చెవి మీద టెస్టరు పెట్టుకుని వచ్చి, పెట్టెని ఎగాదిగా చూసి, ఇది బొమ్మ అన్నాడు. మా ఇంటి వెనక అన్న ఐసు దంచే మిషను షెడ్డు ఉన్నాది, దానికి మూడు ఫేజుల కరెంటు. వెల్డింగు మిషన్లకి తను రెండు ఫేజులు కలిపి ఇస్తాడట, అవి బ్రహ్మాండంగా ఆడతాయట. అలాగే దీనికీ ఇచ్చీద్దాం, బావగారికి లోటుండదు అన్నాడు. మా అన్న మొహం వెలిగిపోయింది.

నాకు కొత్తవలస మేస్త్రి మాట చెవిలో మోగింది. ఎవరో తెలివైనవాడు అన్నాడు గదా, వచ్చేడు. నేను నోరు తెరిచేలోగా షెడ్డు నుంచి వైరు లాగేసేరు, పెట్టె దానికి గుచ్చేసేరు. పెట్టె కీసు కీసుమని అరిచింది. నాలుగొందల ఎనిమిది. అరుగు చుట్టూ జనం ఓ అన్నారు. మా అన్న రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు.

"నూట అరవై మూడు సాలదన్నాది. నాలుగొందల ఎనిమిది ఇచ్చేం. ఇంకేటి కావాలంట దానికి?"

పెట్టె కరెంటు వదల్లేదు. మూడు నిమిషాలు చూసేరు. ఆరు నిమిషాలు చూసేరు. మావ గొంతు సవరించుకుని, ఇది సచ్చిపోయింది, తీసీసి బండికి డైరెట్టుగా పెట్టీడమే అన్నాడు. మా అన్న బావ వైపు తిరిగి, తీసీమంటావా బావా అని అడిగేడు.

మా ఆయన పెట్టెని చూసేడు, బండిని చూసేడు, చుట్టూ ఉన్న జనాన్ని చూసేడు. నోరు తెరిచేడు. ఏటొస్తాదో నాకు తెలుసు. అదే వచ్చింది. నీ ఇష్టం బావా అన్నాడు. మా అన్న పెట్టె పీకి పక్కన పడేసి బండి ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు.

నేను చేపలు కడిగిన పళ్ళెంతో గుమ్మంలో ఉన్నాను. అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఊరుకుందామనుకున్నాను. ఆ ప్లగ్గు అందులో పడితే నేను గెలుస్తాను. మిక్సీ ఖాతా తీరిపోతాది. కానీ మా ఆయన ప్లగ్గు వైపు చూడట్లేదు. కిటికీ పరదా ఒక పక్క ఊడి వేలాడతంటే, వెళ్ళి దాన్ని సర్దుతన్నాడు. కాలిపోబోయే బండికి పరదా సర్దుతన్నాడు ఆ పిచ్చి మనిషి. 

ఆపాలంటే ఒక్క మాట చెప్పాలి. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో పుట్టిల్లున్న ఆడదానికే తెలుస్తాది. ఇరవై ఏళ్ళుగా మా పుట్టింటి మీద ఈగ వాలనివ్వలేదు నేను. ఒకసారి మా ఆయన మీ నూతి నీళ్ళు కొంచెం ఉప్పగా ఉన్నాయే అంటే నాలుగు రోజులు మాట్లాడలేదు. నీళ్ళు ఉప్పగానే ఉంటాయి, అది వేరే సంగతి.

పళ్ళెం కింద పెట్టేను.

"అన్నా, ఆ ప్లగ్గు వదిలీ. మన ఇంటి కరెంటు మంచిది కాదు."

ముసలమ్మ విసనకర్ర ఆగిపోయింది. వొదిన బిందె పట్టుకునే నిలబడిపోయింది. మా ఆయన పరదా వదిలేసి నావైపు తిరిగేడు, ఎవరో పరాయి ఆడమనిషిని చూసినట్టు చూసేడు. మా అన్న మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ అన్నాను. ఇదే కరెంటు కింద పెరిగి పెద్దదానివయ్యేవు, ఇప్పుడు బొబ్బిలి వెళ్ళేసరికి పనికిరాకుండా పోయిందా అన్నాడు.  నాకూ కోపం తక్కువేం కాదు. ఒకే తల్లి పాలు తాగేం గదా.

"అంత మంచిదైతే ముందు నీ టీవీ పెట్టు. అది ఆడితే బండి పెట్టు."

మావ రెండడుగులు వెనక్కి వేసేడు. అది నేను చూసేను, మా అన్న చూడలేదు. ఆయన ఆ వేడిలోనే షెడ్డు వైరుని హాలు కిటికీలోంచి లోపలికి లాగి, గోడలో సగం ఉండే కొత్త టీవీకి తగిలించేడు. వొదిన వద్దు వద్దు అంటనే ఉన్నాది. స్విచ్చు వేసేడు.

టప్‌మన్నాది. అంతే, పెద్ద చప్పుడు కూడా కాదు. వెనక నుంచి సన్నగా పొగ లేచింది. ఎదురింటి ముసలమ్మ, అయిపోనాది అని లేచి, ఫ్యాను వేసుకోడానికి ఇంటికి పోయింది. మావ ఎప్పుడు వెళ్ళిపోయేడో వెళ్ళిపోయేడు, టెస్టరు అరుగు మీదే ఉండిపోయింది. వొదిన బిందె కింద పెట్టి మా అన్నని చూసింది. ఆ చూపు కింద నిలబడే ధైర్యం సముద్రంలోకి వెళ్ళే మగాళ్ళకి కూడా లేదు.

మా అన్న మెట్టు మీద కూలబడ్డాడు. బండి ప్లగ్గు చేతిలో తిప్పుకుంటా కూర్చున్నాడు. టీవీ మాట ఎత్తలేదు.

"బావ బండి నా సేతుల్తో కాల్సీసేవోణ్ణి గదే."

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆ బండి ఆయనకే వచ్చుండేది, కాలితే. ఆ సంగతి మా అన్నకి అసలు గుర్తే లేదు. నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపులో నవ్వొచ్చింది, ఆయనకీ అంతే. కాసేపటికి ముక్కు తుడుచుకుని, ఆ పెట్టి ఎక్కడ దొరుకుతాదే అని అడిగేడు. సాయంత్రం వొదిన మా బండిలో బ్యాటరీ మీద ఏసీ వేసుకుని, సెల్లులో సీరియలు చూసింది. చీర మార్చుకునే ఎక్కింది. నేనే మార్పించేను.

మర్నాడు బయల్దేరేటప్పుడు వొదిన పెద్ద స్టీలు క్యారేజీ తెచ్చింది. ఒక గిన్నెలో చందువ పులుసు, ఒక గిన్నెలో వేపుడు. పుట్టింటి నుంచి ఆడపిల్ల ఉత్త చేతుల్తో వెళ్ళదు. మా ఆయన చేతులు కట్టుకుని నేల చూస్తన్నాడు. వద్దని అనలేడు, ఎక్కించమనీ అనలేడు. నేనే నిచ్చెనెక్కి క్యారేజీని బండి పైన స్టెప్నీ టైరు పక్కన తాడేసి కట్టేను.  నిన్న వీళ్ళ కరెంటు వద్దన్నాను, ఇవాళ వీళ్ళ చేపల్ని లోపలికి రానివ్వకుండా బండి నడినెత్తి మీదికి ఎక్కించేను. దారంతా నాకు మనసు బాగాలేదు.  మా ఆయన పందెం సంగతి గానీ, నేనన్న మాట గానీ ఎత్తలేదు.

రాజాం దాటేక జల్లు మొదలైంది. మా ఆయన బండి పక్కకి ఆపి దిగేడు. అద్దం తుడవడానికేమో అనుకున్నాను. పైన అడుగుల చప్పుడైంది. తడుస్తా క్యారేజీ పట్టుకొచ్చి, భుజం మీద తువ్వాలుతో చుట్టూ తుడిచి, తన పడక మీదే, గోడకి ఆనించి పెట్టేడు.

"మీ ఇంటి పులుసులో వాన నీళ్ళు పడతన్నాయే," అన్నాడు.

మూత కొంచెం వదులైనట్టుంది. అరకిలోమీటరు వెళ్ళేసరికి బండంతా చందువ పులుసు వాసన. వాసన పోతాదని నేను లేచి కిటికీ తీసేను. ఆయన బండి మళ్ళీ ఆపి, వెనక్కొచ్చి, కిటికీ మూసి, పరదా సర్ది వెళ్ళి కూర్చున్నాడు. జల్లు లోపలికొస్తాది, కూర్చోవే అన్నాడు.